ఇసుకరాయిని చదవడం, 4వ పాఠం: పలక వెల్లకిలా, బోర్లా?

పోయిన పాఠంలో పొరలున్న రాయిని చూసి బొమ్మ గీయమన్నాను గానీ, ఎక్కడి రాయో చెప్పలేదు, తప్పు నాదే. చాలామంది జూబ్లీహిల్స్, గండిపేట బండలనే గీశారు. అవి గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట శిలాద్రవం భూగర్భంలో గడ్డకట్టగా ఏర్పడిన ఆ బండల మీద ఉల్లిపొరల్లా లేచే పెచ్చులు, నెత్తినున్న బరువు కోసుకుపోయాక రాయి ఉబ్బి పగలడం వల్ల వచ్చినవే తప్ప, ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి కావు. అలల చారలను, అంటే కదిలే నీరు ఇసుక మీద తీర్చిన గట్లూ పల్లాలూ రాయిగా నిలిచిపోయినవాటిని, శ్రీశైలం చుట్టుపక్కల, క్వార్ట్‌జైటుగా గట్టిపడిన ఇసుకరాయిలో వెతకండి.

క్వారీలో పొర విడిచిన చోట, చార గట్టుకు రెండు వైపులా వాలు సమానంగా ఉంటే అది ముందుకూ వెనక్కూ ఊగిన నీటి గుర్తు. ఒక వైపు మెల్లగా ఎక్కి, రెండో వైపు నిటారుగా దిగితే అది పారిన నీటి గుర్తు, నీరు పోయింది నిటారు వైపుకే. చార పొడవునా నీరు పారిందని రాసినవారు గుర్తుంచుకోండి, నీరు చారకు అడ్డంగా పోతుంది.

ఇక నన్ను విసిగించే పొరపాటు. క్వారీలో పడి ఉన్న పలక దొరకగానే, నీరు ఏ దిక్కుకు పోయిందో రాయడానికి దిక్సూచి తీస్తారు. గునపంతో లేపి, దొర్లించి, లారీ కోసం పేర్చిన పలకకు ఉత్తరం ఎక్కడిది? అసలది వెల్లకిలా ఉందో, బోర్లా ఉందో కూడా తెలియదు. చారల మీద పడిన తరువాతి ఇసుక వాటి అచ్చును తన అడుగున మోస్తుంది. ఆ పలక తిరగబడితే పల్లం గట్టై, మళ్లీ అలల చారలాగే కనిపిస్తుంది. ఊగిన నీటి చారల్లో తేడా పట్టవచ్చు: అసలు ముఖాన గట్టు మొన సన్నగా, పల్లం వెడల్పుగా గుండ్రంగా ఉంటాయి; అచ్చు ముఖాన గట్టు మొద్దుగా, పల్లం కత్తిగాటులా ఉంటాయి. నమ్మకం కుదరనివారు చపాతీ పిండి ముద్దను చార మీద అదిమి తీసి, పక్కన పెట్టి చూడండి; నేను ఇప్పటికీ అదే చేస్తాను. మధ్యాహ్నపు ఎండలో ఇవేవీ తెలియవు, సాయంత్రం 5 దాటాక పక్కనుంచి పడే వెలుగు కావాలి. పారిన నీటి చారల్లో గట్లు మొద్దుబారే ఉంటాయి గనుక అక్కడ పలక అంచును తడిపి, లోపలి సన్నని వాలు గీతలను చూడాలి. అవి అడుగున మెల్లగా వంగి పొరను తాకుతూ, పైన తెగినట్టు ఆగిపోతే పలక సరిగానే ఉన్నట్టు.

అభ్యాసం: నేల పరిచే రాళ్లు అమ్మే దుకాణంలో చారలున్న 12 ఇసుకరాయి పలకలను ఎంచుకుని, ఒక్కొక్కదానికి గట్టుకూ గట్టుకూ నడుమ దూరాన్ని, గట్టు ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి, అది ఏ ముఖమో కారణంతో రాయండి. ఆ కొలతలతో వచ్చే పాఠంలో పని ఉంది. దిక్కు రాసిన కాగితం నేను చదవను.