కొండ కంటికి కనిపిస్తోంది, ఫోటోలో రావడం లేదు: సమస్య - పరిష్కారం

తిరుపతిలో కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు ముందు మిద్దె ఎక్కి శేషాచలం కొండనే తీస్తారు. ఫోటో చూసుకున్నాక అడిగేది కూడా ఒకటే: "లెన్సు మార్చాలా అన్నా?" చాలావరకు అక్కర్లేదు. మార్చాల్సింది నెల, లేదా గంట.

కొండ చదునుగా గోడలా వస్తోంది, రాతి ఎరుపు కనిపించడం లేదు

ఎండాకాలంలో తీసిన ఫోటోల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇది. ఊరి మీదికి కనిపించే కొండ ముఖం దాదాపు దక్షిణానికి తిరిగి ఉంటుంది. మనం దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా సూర్యుడు ఉత్తరం పక్కనే ఉదయించి, ఉత్తరం పక్కగానే నడినెత్తి దాటి, అటే అస్తమిస్తాడు. అంటే నిటారుగా నిలబడ్డ ఆ రాతి ముఖానికి రోజంతా నేరుగా ఎండ తగలదు. ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా నీడలో ఉన్న రాయి నీడలో ఉన్నట్టే వస్తుంది. ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే ఎరుపు రాదు, నారింజ రంగు పులిమినట్టు అవుతుంది.

అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా లెక్క తిరగబడుతుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు 24 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. కొండకేసి నిలబడితే వెలుగు మీ కుడిభుజం వెనక నుంచి వస్తుంది. పై భాగంలో ఉన్న క్వార్ట్‌జైట్ రాయి పొరలుపొరలుగా ఉంటుంది కాబట్టి, పక్క నుంచి ఎండ పడగానే ప్రతి అంచూ కింది పొర మీద నీడ వేస్తుంది. కంటికి కనిపించే ఆ లోతు ఫోటోలోకి వచ్చేది అప్పుడే. పొద్దు పొడిచిన మొదటి గంట మంచిది. సాయంత్రం కూడా బాగుంటుంది, వెలుగు ఎడమ నుంచి వస్తుంది.

మే నెలలోనే తీయాలంటే రాయిని వదిలేయండి. ఉదయం కొండ అంచును నల్లటి గీతగా ఉంచి ఆకాశాన్ని తీయండి. సాయంత్రం గాలివానకు ముందు కమ్ముకునే మబ్బులైతే ఇంకా మేలు.

దూరపు కొండలు నీలంగా, పాలు కలిపినట్టు వస్తున్నాయి

మధ్యలో ఉన్న గాలిలోని తేమ, దుమ్ము వెలుగును చెదరగొడతాయి. జూమ్ చేసేకొద్దీ అంత దూరపు మసకా ఫ్రేములోకి వస్తుంది. దీనికి యూవీ ఫిల్టర్ అమ్మేవాళ్ళు ఉన్నారు. డిజిటల్ కెమెరాకు దాంతో వచ్చే తేడా దాదాపు ఏమీ ఉండదు, లెన్సుకు గీతలు పడకుండా కాపాడుతుంది అంతే.

అసలు మందు వాన. మనకు ఎక్కువ వర్షం ఈశాన్య రుతుపవనాల్లోనే కదా. నవంబరులో అల్పపీడనం వెళ్ళిపోయి ఆకాశం తెరిపిచ్చిన మర్నాటి ఉదయం గాలి కడిగినట్టు ఉంటుంది. ఆ ఒక్క ఉదయం కోసం అలారం పెట్టుకోవచ్చు. భోగి తెల్లవారుజామున మాత్రం కొండ మీద ఆశ పెట్టుకోకండి, ఊరంతా పొగే.

పోలరైజర్, అంటే మెరుపును తగ్గించే ఫిల్టర్, కొంత సాయం చేస్తుంది. సూర్యుడు మీకు సుమారుగా పక్కన, 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే దాని పని. మరీ వైడ్ లెన్సు మీద పెడితే ఆకాశంలో ఒక పక్కే ముదురు నీలం మచ్చ వస్తుంది. ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్‌ను కొంచెం వాడండి. ఎక్కువైతే కొండ అంచు చుట్టూ తెల్లటి గీత కనిపిస్తుంది.

ఆకాశం తెల్లగా మాడిపోతోంది, లేదా కొండ నల్లబడుతోంది

రెండింటి వెలుగులో తేడా సెన్సార్ పట్టగలిగేదానికంటే ఎక్కువ. రా (RAW, సెన్సార్ పట్టిందంతా దాచుకునే ఫైలు) పద్ధతిలో తీయండి, ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుగు మోతాదు) ఆకాశానికి పెట్టండి, నీడల్ని తర్వాత లేపుకోండి. ఫోన్ అయితే ఆకాశం మీద వేలు పెట్టి వెలుగు తగ్గించండి.

తలకోనలో నీళ్ళు సున్నం పోసినట్టు వస్తున్నాయి

జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. తెల్లటి నీళ్ళు, పక్కన తడిసిన నల్లరాయి, చుట్టూ దట్టమైన చెట్ల నీడ. కెమెరా ఆ నీడను చూసి మొత్తం వెలుగు పెంచేస్తుంది, నీళ్ళలో వివరం పోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించండి. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగం సమస్య ఉండదు.

నీళ్ళు దారాల్లా రావాలంటే ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందన) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) 11, షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను. వెలుగు ఇంకా ఎక్కువైతే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయండి, ఎఫ్ 22 దాకా వెళ్ళకండి, ఫోటో అంతా మెత్తబడుతుంది. ఇక్కడ మాత్రం పోలరైజర్ ఖరీదు పూర్తిగా గిట్టుబాటు: తడిరాయి మీద మెరుపు పోయి అసలు రంగు బయటపడుతుంది. తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది, జేబులో పొడిగుడ్డ ఉండాలి.

మొదటి పది నిమిషాల ఫోటోలన్నీ మంచు పట్టినట్టున్నాయి

ఏసీ కారులోంచి దిగగానే చల్లటి లెన్సు మీద తేమ పేరుకుంటుంది. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. లెన్సు ఊడదీసి తుడవకండి, తేమ లోపలికి పోతుంది.

ఫోటో బాగుంది, పంపితే ఎవరికీ పట్టలేదు

ముందు ఫైలు చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. రంగులు తేడాగా కనిపిస్తే ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేశారా లేదా చూసుకోండి.

ఫైలు బాగానే ఉంటే లోపం కింద రాసిన మాటల్లో ఉంటుంది. "అందమైన ప్రకృతి, శుభోదయం" అని రాస్తే చూసేవాడికి కొత్తగా తెలిసిందేమీ లేదు, అందం వాడికీ కనిపిస్తోంది. ఫ్రేములో పడనిది రాయండి. మబ్బు ఎంతసేపు అడ్డం నిలబడింది, పులికాట్‌లో రాజహంసలు దగ్గరికి రాకుండా ఎందుకు లేచిపోయాయి, పక్కన మేకలు కాసే తాత మీ ట్రైపాడ్ చూసి "రోడ్డు కొలతలా నాయనా?" అని అడిగాడా. రెండు వాక్యాలు చాలు. లెన్సు నంబరు, షట్టర్ వేగం అడిగినవాళ్ళకు విడిగా చెప్పండి.

డాక్యుమెంట్‌గా పంపే ఫైలులో జీపీఎస్ వివరాలు కూడా వెళ్తాయి. నేలపట్టులో గూళ్ళు పెట్టుకున్న పక్షుల ఫోటో అయితే వాటిని తీసేసి పంపండి. అడవి లోపలి చోట్లకు గుర్తు పెట్టి ఇవ్వకపోవడమే మేలు. ఎర్రచందనం ఉన్న శేషాచలం అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు, మీ ఫోటో చూసి బయల్దేరినవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. తిరుమల మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం కాబట్టి, పైనుంచి తీసిన ఫోటో ఎలా తీయాలని నన్ను అడగకండి.