మ్యాపు పాఠాలు – 3: కేఎంఎల్ నుంచి షేప్‌ఫైల్‌కు

పోయిన పాఠంలో ఆదోని చుట్టుపక్కల బోర్లకు గూగుల్ ఎర్త్‌లో గుర్తులు పెట్టి, ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా లేదా రాసుకుని కేఎంఎల్‌గా (గూగుల్ ఎర్త్ గుర్తులను దాచే ఫైలు రకం) సేవ్ చేశాం. ఈరోజు దాన్ని, చాలా మ్యాపు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే షేప్‌ఫైల్ చేద్దాం.

కేఎంఎల్‌ను క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లోకి లాగి వదలండి. లేయర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్ నొక్కండి. ఫార్మాట్‌లో ఈఎస్ఆర్ఐ షేప్‌ఫైల్ ఎంచుకుని, సీఆర్ఎస్ (స్థానాలను ఏ కొలత పద్ధతిలో రాయాలో చెప్పేది) అన్న గడి దగ్గర ఆగండి.

కేఎంఎల్ ఎప్పుడూ డిగ్రీల్లోనే ఉంటుంది. ఆ పద్ధతికి సీఆర్ఎస్ కోడ్ 4326. మీటర్లలో కావాలంటే, భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి కొలిచే యూటీఎం పద్ధతిలోకి మార్చాలి. యూటీఎం జోన్ ఒక్కొక్కటి 6 డిగ్రీల వెడల్పు. 43, 44 జోన్లకు సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత సరిగ్గా కర్నూలు ఊరి పడమటి పక్క నుంచే పోతుంది! అందుకే కర్నూలు, కడప 44లో పడితే ఆదోని, అనంతపురం 43లో పడతాయి. జిల్లా కర్నూలే కదా అని 44 పెడితే ఆదోని దగ్గర దూరాలు కిలోమీటరుకు సుమారు ఒకటిన్నర మీటరు సాగుతాయి. మనకు కావాల్సింది 43వ జోన్ కోడ్, 32643.

నేను మొదట్లో ఎక్స్‌పోర్ట్ చేయకుండా, లేయర్‌కే సెట్ సీఆర్ఎస్ అని 32644 పెట్టేశాను. అలా చేస్తే అంకెలు మారవు, పేరు మాత్రమే మారుతుంది. 77.27 డిగ్రీలు కాస్తా 77 మీటర్లయి, నా బోర్లన్నీ భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో తేలాయి. ఒక పూటంతా పోయింది.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 ఉంచి ఓకే నొక్కండి. ఫోల్డర్‌లో ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే, సీపీజీ అనే ఐదు ఫైళ్లు కనిపిస్తాయి. అన్నీ కలిస్తేనే షేప్‌ఫైల్. ఒక్క ఎస్‌హెచ్‌పీ మాత్రమే పంపితే అవతలివాళ్లకు వివరాలు అందవు, అసలు ఫైలే తెరుచుకోకపోవచ్చు. అన్నీ జిప్ చేసి పంపండి.

ఇప్పుడు అట్రిబ్యూట్ టేబుల్ (బోర్ల వివరాల పట్టిక) తెరవండి. డిస్క్రిప్షన్ అనే నిలువు వరస పేరులో చివరి ఎన్ ఊడిపోయి ఉంటుంది, ఎందుకంటే షేప్‌ఫైల్‌లో వరస పేరు 10 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు. ‘గ్రామం’ అని పేరు పెడితే 18 అవుతుంది, పట్టదు. గడి లోపలి రాతకు హద్దు 254 బైట్లు. మీరు బోరు గురించి పొడుగ్గా రాసుకుని ఉంటే, ‘వేసవిలో ఎండిపోతుంది’ అన్న చివరి మాటే తెగిపోవచ్చు. అసలు పనికొచ్చేది ఆ మాటే. అందుకే నా దగ్గర ఉంచుకునే కాపీ ఎప్పుడూ జియోప్యాకేజీ అనే ఇంకో ఫార్మాట్‌లోనే. అది ఒకే ఫైలు, ఈ హద్దులు దానికి లేవు. అడిగినవాళ్లకే షేప్‌ఫైల్ ఇస్తాను.

అభ్యాసం: ఓర్వకల్లు దగ్గర రెండు బోర్లు గుర్తించి ఇదే కేఎంఎల్‌లో చేర్చండి. అవి గీతకు తూర్పున ఉన్నాయి. ఒకే ఫైల్లో రెండు జోన్ల బోర్లుంటే ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.