నల్లమలలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారా? పెన్సిల్ మర్చిపోవద్దు

ఫారెస్ట్రీ, జువాలజీ చదివి నల్లమలలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే పిల్లలకి ఒక చిన్న మాట. బ్యాగులో బైనాక్యులర్స్ లేకపోయినా పరవాలేదు, రెండు పెన్సిళ్లు, ఆరంగుళాల స్కేలు మాత్రం ఉండాలి. దోర్నాల వైపు వెళ్లిన మొదటి వారం నేను జెల్ పెన్నుతో రాసుకున్న నాలుగు పేజీలు చెమటకీ వానకీ నీలం మరకలైపోయాయి. పెన్సిల్ రాత తడిసినా చెదరదు.

స్కేలు ఎందుకంటారా? అడుగుజాడ కనబడగానే ఫోన్ తీసి ఫొటో కొట్టేస్తాం. పక్కన కొలత లేకపోతే అది పులిదో చిరుతదో తర్వాత చెప్పడం కష్టం. స్కేలు జాడ పక్కనే పెట్టి, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది.

కెమెరా ట్రాపులు (ఎదురుగా ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) దారికి రెండు వైపులా కడతారు, ఏ పులో గుర్తుపట్టేది చారలతోనే, పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కలా ఉండవు కాబట్టి. కట్టాక ఎదురుగా ఉన్న గడ్డి పీకెయ్యండి. మేం పీకలేదు. కార్డు తెరిస్తే వందల ఫొటోలు, అన్నీ గాలికి ఊగే బోదగడ్డివే!

వెంట వచ్చే చెంచు వాచర్ ఆగితే మీరూ ఆగండి, ఎందుకని తర్వాత అడగొచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లోకి రాత్రి 9 దాటితే బండ్లు వదలరు, అందుకని ఒంగోలులో పొద్దున బస్సే ఎక్కండి.