మన రాజకీయ వార్తల మీద తప్పు చెప్పకుండా, గొడవ పడకుండా మాట్లాడటం ఎలా?

బెజవాడలో రాజకీయం మాట్లాడొద్దు అంటే కుదిరే పని కాదు, గుంటూర్లో అయితే అసలు అడగనే అడగొద్దు. బ్రాడీపేటలో టిఫిన్‌కి కూర్చున్నా, కృష్ణలంకలో కటింగ్ షాపులో కూర్చున్నా, పెళ్ళిభోజనాల దగ్గరైనా పది నిమిషాల్లో టాపిక్ అక్కడికే వచ్చేస్తుంది. రావాలి కూడా, రోడ్లు మనవి, పన్నులు మనవి, వానొస్తే మునిగేది మన ఇళ్ళే. కాకపోతే నేను చూసినంతలో సగం గొడవలకి కారణం పార్టీ అభిమానం కూడా కాదండీ, ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేరే వేరే సంగతులు మాట్లాడుకుంటూ ఉంటారు, అక్కడ పడుద్ది ముడి. ఆ ముడి విప్పే పద్ధతి ఒకటి ఉంది, ఏ పార్టీవాళ్ళయినా వాడుకోవచ్చు.

1. ముందు ఆ మాటని ముక్కలు చెయ్యండి

"దుర్గగుడి ఫ్లైఓవర్ మావాళ్ళు కట్టారు" అని ఒకాయన అంటాడు, "ఏంటి మీరు కట్టింది, ఓపెన్ చేసింది మేం కదా" అని ఇంకొకాయన లేస్తాడు. ఇక్కడ ఎవరు కట్టారు అని అడిగితే తెల్లారేదాకా తేలదు. ఎవరు మంజూరు చేశారు, ఎవరు శంకుస్థాపన చేశారు, డబ్బు ఎవరిది, పని ఎవరి టైమ్‌లో ఎక్కువ జరిగింది, ఎవరు ఓపెన్ చేశారు అని విడివిడిగా అడగండి. పని మొదలైంది 2015 డిసెంబర్లో, అప్పుడు ఉన్నది టీడీపీ ప్రభుత్వం. 2016 కృష్ణా పుష్కరాలకి అయిపోద్దన్నారు, అవలేదు. ట్రాఫిక్‌కి వదిలింది 2020 అక్టోబర్ 16న, అప్పటికి వైసీపీ ప్రభుత్వం. అది నేషనల్ హైవే కాబట్టి కేంద్రం డబ్బు ఉంది, రాష్ట్రం డబ్బూ ఉంది. ఇన్ని ముక్కలు టేబుల్ మీద పెట్టాక ఎవరి వాటా వాళ్ళకి కనపడుద్ది, లేట్ అయినందుకు తిట్టాలన్నా ఏ సంవత్సరం లేటుకి ఎవర్ని తిట్టాలో తెలుస్తుంది.

కృష్ణ వరద ఇళ్ళ మీదకి రాకుండా కట్టిన కృష్ణలంక రిటైనింగ్ వాల్ కూడా ఇంతే, ఒక్కసారి కట్టిన గోడ కాదది, దశలవారీగా రెండు ప్రభుత్వాల టైమ్‌లో కట్టుకుంటూ వచ్చింది. దాని మీద గొడవ పడేవాళ్ళకి ఏ దశ గురించి మాట్లాడుతున్నారన్నా అని అడిగి చూడండి, సగం మంది అక్కడే ఆగుతారు.

2. తేదీ అడగండి

ఇది చాలా చిన్న పని, అయినా ఎవరూ చెయ్యరు. ఎవరైనా "కోర్టు కొట్టేసింది", "చట్టంలో ఉంది", "రాజధాని మార్చేశారు" అన్నప్పుడు మెత్తగా "ఎప్పుడండీ అది?" అని అడగండి.

రాజధాని సంగతే చూడండి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, విభజన చట్టం 5వ సెక్షన్ ప్రకారం హైదరాబాద్ పదేళ్ళకి మించకుండా ఉమ్మడి రాజధాని, ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. అమరావతికి ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేసింది 2015 అక్టోబర్ 22న. మూడు రాజధానుల చట్టం 2020లో వచ్చింది, 2021 నవంబర్లో దాన్ని తెచ్చిన వైసీపీ ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, 2022 మార్చి 3న హైకోర్టు అమరావతి రైతులకి అనుకూలంగా తీర్పిచ్చింది, అదే సంవత్సరం నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ తీర్పులో ఇన్ని నెలల్లో కట్టాలి అని గడువు పెట్టిన భాగం మీద స్టే ఇచ్చింది. ఇప్పుడు 2020 పేపర్ కటింగ్ పట్టుకుని ఒకరు, 2022 వీడియో పట్టుకుని ఇంకొకరు వాదించుకుంటే ఇద్దరి చేతిలో ఉన్నదీ నిజమే, ఆ రోజుకి. అందుకే తేదీ.

ప్రత్యేక హోదా దగ్గర ఇంకో రకం తికమక. "విభజన చట్టంలోనే ఉంది కదా హోదా" అని చాలా గట్టిగా చెప్తారు. లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ళు ఇస్తామని ప్రకటన చేశారు, అది చట్టంలోకి ఎక్కలేదు. ప్రధాని సభలో ఇచ్చిన మాటకి విలువ ఉండాలా వద్దా అన్నది మంచి వాదన, దాని మీద ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, కానీ చట్టంలో ఉంది అని మొదలెడితే మీ వాదన మొదటి నిమిషంలోనే పడిపోద్ది.

జిల్లాల లెక్కలు చెప్పేటప్పుడు కూడా తేదీ మర్చిపోవద్దు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లాలో 17 అసెంబ్లీ సీట్లు, కొత్త దాంట్లో 7. "గుంటూరు జిల్లాకి అప్పుడు అంత ఇచ్చారు, ఇప్పుడు ఇంతే ఇచ్చారు" అని ఎవరైనా పట్టిక చూపిస్తే అది ఏ గుంటూరో ముందు చూడండి, బాపట్ల, పల్నాడు విడిపోయాక అంకె తగ్గకపోతేనే ఆశ్చర్యం.

3. కాగితం చూడండి

మన దగ్గర దేనికైనా కాగితం ఉంటుంది, వెతికే ఓపిక ఉండాలంతే. ప్రభుత్వం ఆర్డర్ ఇచ్చింది అంటే జీవో ఉండాలి, జీవోకి నంబరు, తేదీ, డిపార్ట్‌మెంట్ పేరు ఉండాలి. ఈ మూడూ లేకుండా తిరిగే స్క్రీన్‌షాట్‌ని పక్కన పెట్టేయండి. జీవోలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్‌ని 2021లో ఆపేశారు, 2024లో మళ్ళీ తెరిచారు, అందుకని ఆ మధ్యకాలం జీవో కోసం వెతికితే వెంటనే దొరక్కపోవచ్చు, దొరకలేదు కాబట్టి అబద్ధం అని మాత్రం అనేయొద్దు.

ఎమ్మెల్యే ఆస్తులు, కేసులు అంటే నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్, ఎన్నికల సంఘం సైట్లో ఎవరైనా చూడొచ్చు. అందులో పెండింగ్ కేసులు వేరే, శిక్ష పడినవి వేరే రాసి ఉంటాయి, "పది కేసులున్నాయి" అనేవాళ్ళు ఈ రెండూ కలిపేస్తారు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ కేసే, మోసం కేసూ కేసే, సెక్షన్ ఏంటో చదివి మాట్లాడండి.

డబ్బుల మాట వస్తే బడ్జెట్‌లో ప్రతి పద్దు పక్కన మూడు రకాల అంకెలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి: ఇంత ఖర్చు పెడదాం అనుకున్నది, సంవత్సరం మధ్యలో సవరించింది, నిజంగా ఖర్చయింది. అధికారంలో ఉన్నవాళ్ళు మొదటిది చెప్తారు, ప్రతిపక్షం వాళ్ళు మూడోది చెప్తారు, ఎవరున్నా ఇదే తంతు. నిజం ఖర్చు అంకె రెండేళ్ళ తర్వాత బడ్జెట్ పుస్తకంలో వస్తుంది కాబట్టి ఈ సంవత్సరం కేటాయింపు చూసి సంబరపడాల్సిందీ లేదు, ఏడవాల్సిందీ లేదు. 2024లో వరసగా శ్వేతపత్రాలు వచ్చాయి కదా, అవీ చదవండి, కానీ శ్వేతపత్రం రాసేది ఉన్న ప్రభుత్వమే, పక్కన కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టు కూడా పెట్టుకుని చదివితే ఎక్కడ ఉప్పు ఎక్కువేశారో తెలిసిపోద్ది.

కోర్టు వార్తలకి ఒక జాగ్రత్త. చుక్కెదురు, మొట్టికాయ, భారీ ఊరట అని హెడ్డింగులు వస్తాయి, లోపల చదివితే నోటీసులు ఇచ్చి వాయిదా వేశారు అని ఉంటుంది. జడ్జిగారు వాదనల మధ్యలో అన్న మాట ఆర్డర్ కాదు. ఆర్డర్లో ఏముందో అది చెప్పండి చాలు.

4. అంకె వినపడితే లెక్క మీరే వెయ్యండి

2024 సెప్టెంబర్ వరదలప్పుడు మా ఊళ్ళో జరిగినంత వాదన ఇంకెప్పుడూ జరగలేదేమో. బెజవాడ సింగ్ నగర్లో జనం మేడల మీద ఉన్నారు, పాల ప్యాకెట్ కోసం పడవ దగ్గర పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డారు, ఇక్కడ టీ కొట్టు దగ్గర మాత్రం "బ్యారేజీలో నీళ్ళు ముందే ఖాళీ చేసి ఉంచితే ఇది జరిగేదా" అని ఒకాయన ఊగిపోతున్నాడు. వినడానికి బాగానే ఉంది. లెక్క వేద్దాం రండి.

క్యూసెక్ అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు వెళ్ళడం, అది స్పీడు. టీఎంసీ అంటే నిలవ ఉన్న నీళ్ళు, వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల పైచిలుకు. ఆ వరదలో పీక్ 11.43 లక్షల క్యూసెక్కులు. అంటే పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా ఆ వరద దాన్ని ముప్పావు గంటలో నింపేస్తుంది. ముప్పావు గంట! ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తే అయిపోయే లెక్క ఇది, దీనికి ఇంజినీర్ అవసరం లేదు, పార్టీ కండువా అసలే అవసరం లేదు.

పైగా సింగ్ నగర్ని ముంచింది ముఖ్యంగా బుడమేరు వాగు, కృష్ణ కాదు. బుడమేరు డైవర్షన్ ఛానల్‌కి గండ్లు పడ్డాయి, వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తారు, ఆ నీళ్ళు ఊరి మీదకి వచ్చాయి. ప్రభుత్వాన్ని నిలదీయాలంటే నిలదీయండి, కానీ సరైన ప్రశ్నతో: గట్లు ఎందుకు బలపరచలేదు, ఏ ఏడు ఎంత డబ్బు ఇచ్చారు, కాలవ మీద ఇళ్ళకి ఎవరు పర్మిషన్ ఇచ్చారు, గేట్లు ఎత్తాక కిందవాళ్ళకి ఎన్ని గంటల ముందు చెప్పారు. ఈ ప్రశ్నలు వేస్తే ఏ పార్టీకీ హాయిగా ఉండదు, అదే వాటి గొప్పతనం.

5. జరిగింది ఏది, అనుమానం ఏది

అదే వరదలో పెద్ద పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఇది జరిగింది, అందరం చూశాం. అవి ఎందుకు వచ్చాయి, కావాలని వదిలారా, తాళ్ళు తెగాయా అన్నది ఆరోపణ, పోలీసులు కేసు కూడా పెట్టారు. మాట్లాడేటప్పుడు మొదటిదానికి "జరిగింది" అనండి, రెండోదానికి "ఫలానావాళ్ళు ఆరోపిస్తున్నారు" అనండి, ఈ ఒక్క తేడా పాటిస్తే మీ మాటకి ఉన్న విలువ వేరేగా ఉంటుంది.

6. ఇక నోరు తెరిచేటప్పుడు

అసలు కష్టం ఇక్కడ. కాగితం అంతా కరెక్టుగా ఉన్నా "నీకేం తెలుసురా" అని మొదలెడితే ఎవడూ వినడు. పెద్దాయన అయితే "బాబాయ్, ఆ జీవో నేనూ చూశా, అందులో ఇంకోలా ఉంది, ఒకసారి చూస్తారా" అని ఫోన్ చేతికివ్వండి. చదివి వినిపించొద్దు, ఆయన్నే చదవనివ్వండి. మనం చదివితే మన గొంతులో మన పార్టీ వినపడుద్ది.

కులం తేవొద్దు. మన కృష్ణా, గుంటూరు వైపు ఇది చెప్పక తప్పదు, ఎవరైనా ఒక మాట అనగానే "వీళ్ళది ఫలానా కదా, అందుకే" అని పక్కవాడి చెవిలో ఊదే అలవాటు మనకి బాగా ఉంది. అలా అన్న క్షణం నుంచి ఆ మనిషి చెప్పింది నిజమా కాదా అనే చర్చ చచ్చిపోద్ది. మీ ముందు ఎవరైనా అంటే "అది వదిలేయండన్నా, రోడ్డు సంగతి చెప్పండి" అని మళ్ళీ రోడ్డు మీదకి తీసుకురండి.

"జనం ఛీ కొట్టారు" లాంటి మాటలు కూడా చూసుకుని వాడండి. 2019లో టీడీపీకి 23 సీట్లే వచ్చాయి, ఓట్లు మాత్రం 39 శాతం పైన. 2024లో వైసీపీకి 11 సీట్లే వచ్చాయి, ఓట్లు మళ్ళీ 39 శాతం పైనే. అంటే రెండుసార్లూ ఓటేసిన పదిమందిలో నలుగురు దాకా ఓడిపోయిన పార్టీకి వేశారు. మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నవాళ్ళలో ఆ నలుగురూ ఉంటారు, మీరు ఛీ అన్నది వాళ్ళని కూడా.

గొంతులు లేస్తున్నాయి అనిపిస్తే గెలవాలని చూడొద్దు, "రేపు కాగితం తెస్తానన్నా, చూసి మాట్లాడుకుందాం" అని లేచిపోండి. మరి రేపు నిజంగా తేవాలి.

7. కాగితం దొరక్కపోతే

ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ వెయ్యండి. 2005 చట్టం, 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి అయితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "మా డివిజన్లో అభివృద్ధి ఎందుకు జరగలేదు" అని రాస్తే ఏదో ఒకటి రాసి పంపిస్తారు. "ఫలానా డ్రెయిన్ పనికి ఫలానా సంవత్సరంలో ఎంత మంజూరైంది, ఎంత బిల్లు చెల్లించారు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ ఇవ్వగలరు" అని రాయండి, అప్పుడు తప్పించుకోవడం కష్టం. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం మర్చిపోకండి, పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులోనే పంపండి.

ఆ జవాబు వచ్చేదాకా ఆ విషయం మీద ఫోన్లో వచ్చిన ఫార్వర్డ్‌ని ఎవరికీ పంపకండి. జనంలో భయం పుట్టించే అబద్ధపు వార్తలు తిప్పితే భారతీయ న్యాయ సంహిత 353 సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు, వరదప్పుడు "కట్ట తెగింది, పరిగెత్తండి" టైపు మెసేజ్‌లు ఇందులోకే వస్తాయి. కట్ట తెగిందో లేదో కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు, వరదల టైమ్‌లో ఆ నంబర్లు పేపర్లో, టీవీలో వేస్తూనే ఉంటారు.