లడ్డూ 11 వారాలు తినలేదు: బాల్ పైథాన్ తిండి మానేస్తే ఏం చేయాలి

మా లడ్డూ బాల్ పైథాన్, అంటే ఇంట్లో పెంచుకునే ఒక చిన్న రకం కొండచిలువ. భయమేస్తే తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది, అందుకే మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. మేముండేది మిషిగన్‌లో, నోవై దగ్గర. రెండేళ్ల కిందట నవంబరులో అది ఉన్నట్టుండి తినడం మానేసింది. 11 వారాలు ఒక్క ఎలుకనూ ముట్టలేదు. అప్పుడు నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

మొదట కాస్త ఊపిరి పీల్చుకోండి. ఘనా, టోగో, బెనిన్ వైపు నుంచి వచ్చిన ఈ జాతికి నెలల తరబడి తినకుండా ఉండటం కొత్త కాదు. పెద్దవి చలికాలంలో మానేయడం మరీ మామూలు. కాబట్టి ఎన్ని వారాలైంది అని లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా బరువు చూడండి. వంటింట్లో వాడే గ్రాముల త్రాసు చాలు. పామును మూత ఉన్న డబ్బాలో పెట్టి, వారానికోసారి తూచి, తేదీతో రాసుకోండి. లడ్డూ 642 గ్రాముల నుంచి 611కి వచ్చింది. అంటే నూటికి 5 కూడా తగ్గలేదు. నూటికి 10 తగ్గినా, వెన్నెముక గట్టులా పైకి తేలి కనిపించినా డాక్టరుకు చూపించాలి. పిల్ల పాములకు ఒంట్లో అంత నిల్వ ఉండదు, వాటి విషయంలో మూడు నాలుగు వారాలు దాటితే ఆగొద్దు.

బరువు నిలకడగా ఉంటే ఇక పాము ఉండే అద్దాల ట్యాంక్ వైపు తిరగండి. మా తప్పు అక్కడే దొరికింది. అద్దానికి అతికించిన గుండ్రటి థర్మామీటరు 88 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆరో వారంలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొని, పాము పడుకునే చోట నేలకు గురిపెట్టి నొక్కాను. 78 అని వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. చలికాలం కదా, మెత్తగా ఉంటుందని నేనే కొబ్బరిపీచు పొట్టు మూడంగుళాల మందాన పరిచాను. వేడినిచ్చే హీట్ మ్యాట్ ట్యాంక్ కింద ఉంటుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) కూడా మ్యాట్‌కే అంటుకుని ఉంది. అక్కడ వేడి సరిపోగానే అది మ్యాట్‌ను ఆపేస్తోంది. ఆ వేడి పొట్టు దాటి పైకి రావడమే లేదు. పాము సొంతంగా ఒళ్లు వేడి చేసుకోలేదు. చుట్టూ వెచ్చగా లేకపోతే తిన్నది అరగదు, అందుకే నోరు కట్టేసుకుంటుంది.

వెచ్చగా ఉండే వైపు నేల 88 నుంచి 92 డిగ్రీలు, అంటే 31 నుంచి 33 సెల్సియస్ ఉండాలి. చల్లటి వైపు 76 నుంచి 80. మేం ఆ మూలన పొట్టును పల్చగా చేసి, ప్రోబ్‌ను లోపల, పాము పడుకునే చోటే అతికించాం. గాలి కూడా చల్లబడుతోందని పైన వెలుతురివ్వని సిరామిక్ హీటర్ ఒకటి పెట్టాం. దానికీ థర్మోస్టాట్ ఉంది. పాము కదిలి ప్రోబ్ ఊడితే మ్యాట్ వేడెక్కుతూనే పోతుంది, రోజూ ఒకసారి చూడండి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్‌ను మాత్రం వాడనే వద్దు, పొట్ట కాలిపోతుంది.

తర్వాత తేమ. ఇక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ ఆన్ చేస్తే ఇల్లంతా ఎండిపోతుంది, మా ట్యాంక్‌లో తేమ 28 శాతానికి పడిపోయింది. 55 నుంచి 70 మధ్య ఉండాలి. జాలీ మూతను హీటర్ ఉన్న చోటు వదిలి మూడొంతులు ఫాయిల్‌తో కప్పి, నీళ్ల గిన్నె పెద్దది పెట్టి, పొట్టు అడుగున తడిపితే రెండు రోజుల్లో 60కి వచ్చింది. పైన మాత్రం పొడిగా ఉండాలి, తడి నేల మీద పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబడి కుళ్లుతాయి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వాడొద్దు, ఆ వాసన వీటికి పడదు.

దాక్కునే డబ్బాలు రెండు కావాలి, వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి. లోపల పడుకుంటే ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. మనకు అది హింసలా కనిపిస్తుంది గానీ దానికి అదే ధైర్యం.

కళ్లు పాలరంగులోకి, కాస్త నీలంగా మారాయంటే కుబుసం విడవబోతోందని. అప్పుడు తినదు, తినిపించబోకండి. కుబుసం ముక్కలుముక్కలుగా ఊడితే తేమ చాలలేదన్నమాట. కంటి మీద పొర మిగిలిపోతే గోటితోనో పట్టకారుతోనో లాగొద్దు, కన్నే పోవచ్చు. తడి నాచు వేసిన డబ్బాలో కొన్ని గంటలు ఉంచండి. అప్పటికీ రాకపోతే డాక్టరే తీయాలి.

ఇక తిండి సంగతి. మేం శాకాహారులం. ఎలుకల కోసం బేస్‌మెంట్‌లో చిన్న ఫ్రీజరు వేరే పెట్టుకున్నాం. మాంసం తినే ఇళ్లలోనూ వీటిని వేరుగానే ఉంచాలి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా అంటుకుంటుంది. పామును, ఎలుకను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బతికున్న ఎలుకను లోపల వదిలేయొద్దు. ఆకలి లేని పామును అది కొరికి గాయం చేస్తుంది.

ముందురోజు రాత్రి ఎలుకను ఫ్రీజరులోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. తినిపించే ముందు జిప్ కవర్‌లో వేసి వేడి నీళ్లలో ముంచండి. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగలకూడదు. మైక్రోవేవ్ వద్దు. ఈ పాములకు పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, ఎలుక తల సుమారు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే అది బతికున్నట్టే అనిపిస్తుంది. లడ్డూ తినని రోజుల్లో నేను గోరువెచ్చగా ఇచ్చి, తినట్లేదని బాధపడేదాన్ని. చీకటి పడ్డాక లైట్లు ఆర్పి, పొడవాటి పట్టకారుతో తోక దగ్గర పట్టుకుని, డబ్బా గుమ్మం ముందు నెమ్మదిగా ఆడించండి. మొహం మీదకు తోయొద్దు. 10 నిమిషాలు చూసి, అక్కడే పెట్టి వెళ్లిపోండి. పొద్దున్నకీ అలాగే ఉంటే తీసి పారేయండి, మళ్లీ ఫ్రీజరులో పెట్టొద్దు. ఆ తర్వాత వారం దాకా ఇవ్వొద్దు. రోజూ ఆశగా ఇస్తూ పోతే పాము ఇంకా బెదిరిపోతుంది. నోరు తెరిచి కుక్కడం ఇంట్లో చేయాల్సిన పని కాదు.

ఆ రోజుల్లో తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో రోజూ అడిగేది. "గిన్నెలో కాసిని పాలు పెట్టి చూడరాదటే, చవితికి పుట్టలో పోస్తాం కదా" అంది. పాముకు పాలు అరగవని, దాహంతో ఉన్నది ఏదో తడి అని తాగినా జబ్బు చేస్తుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే మంచినీళ్లన్నా మారుస్తున్నావా?" అంది. అదే సరైన మాట. తిండి లేకపోయినా ఓర్చుకుంటుంది గానీ, నీళ్లు మాత్రం ఎప్పుడూ తాజాగా ఉండాలి.

ఇది చదివి ఇండియాలో ఎవరైనా జెర్రిపోతునో కొండచిలువనో తెచ్చుకుందామనుకుంటే దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాములను ఇంట్లో పెంచడం నేరం.

ఈ ఓపికంతా ఆరోగ్యంగా ఉన్న పాము విషయంలోనే. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, తల పైకెత్తే ఉంచుతున్నా, ఊపిరిలో టిక్‌టిక్‌మని చప్పుడు వస్తున్నా అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు, యాంటీబయాటిక్స్ కావాలి. చిగుళ్లు ఎర్రబడి జున్నులాంటి చీము కనిపిస్తే అదీ ఆగి చూడాల్సిన జబ్బు కాదు. పాము పూటంతా నీళ్ల గిన్నెలోనే పడుంటే గడ్డం కింద, కళ్ల చుట్టూ టార్చి వేసి చూడండి. కదిలే నల్ల చుక్కలు మైట్స్, అంటే పాము ఒంటికి పట్టే సన్నటి పురుగులు. ట్యాంక్‌లోని కొబ్బరి పొట్టు మొత్తం పారేసి కాగితం పరిచి, మందు డాక్టరు చెప్పిందే వాడండి. కుక్కల డాక్టర్లందరూ పాములను చూడరు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ యాంఫిబియన్ వెటర్నేరియన్స్ వెబ్‌సైటులో దగ్గర్లో ఎవరున్నారో వెతకొచ్చు. జబ్బు రాకముందే ఆ నంబరు రాసి పెట్టుకోండి.

వేడి, తేమ సరిచేశాక కూడా లడ్డూ ఐదు వారాలు తీసుకుంది. జనవరి చివర్లో ఒక ఆదివారం రాత్రి ఎలుకను డబ్బా ముందు పెట్టగానే నాలుక ఆడించడం ఆపేసింది. మెడ నెమ్మదిగా ఎస్ ఆకారంలోకి వెనక్కి వెళ్లింది. నా చేయి వణకకుండా పట్టుకున్నాను. దెబ్బ పడిన చప్పుడు మాత్రమే వినిపించింది, చూసేసరికి మూడు చుట్లు చుట్టేసింది. మా అబ్బాయి నోరు మూసుకుని మెట్ల మీద గెంతుతున్నాడు.

చాలాకాలం తర్వాత తిన్న పాముకు మొదటి ఎలుక ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగం సైజుదే ఇవ్వండి. రెండు రోజులు ఎత్తుకోవద్దు. ఎత్తుకున్నా, చలి తగిలినా, ఎలుక పెద్దదైనా కక్కేస్తుంది. కక్కితే రెండు వారాలు కడుపుకు విశ్రాంతినిచ్చి, చిన్న ఎలుకతో మొదలుపెట్టండి. రెండోసారీ కక్కితే డాక్టరే చూడాలి. కక్కకుండా అరిగించుకుంటే 10 రోజులకు ఇంకోటి ఇచ్చి, మళ్లీ తూచి రాసుకోండి. మార్చి మొదటి వారానికి లడ్డూ 650 గ్రాములు.