పదో తరగతి ఇంగ్లీష్ పరీక్షకి పెద్ద మాటలు పట్టుబడాలంటే

పదో తరగతి పిల్లలకి ఇంగ్లీష్ చెబుతూ చాలా ఏళ్లయింది. ఏటా సంక్రాంతి సెలవులు అయ్యాక ఎవరో ఒకరు ఐదు వందల మాటల జాబితా జిరాక్స్ పట్టుకొస్తారు. "మొత్తం బట్టీ పట్టేశా సార్" అంటారు. అందులో ఏదో ఒక మాటతో వాక్యం రాయమంటే నోట్లో మాట రాదు. అంత కష్టం వృథా అవుతుంటే చూడలేకే ఇది రాస్తున్నా.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్ను, పెన్సిలు, రబ్బరు, ఇంగ్లీష్ నుంచి ఇంగ్లీష్‌కే అర్థం చెప్పే లెర్నర్స్ డిక్షనరీ చాలు. ఫోన్ యాప్‌లు వద్దు. మాటని చేత్తో రాయాల్సిందే.

జూలైలో మొదలుపెట్టండి. రోజుకి ఐదు మాటలు, వారానికి ఆరు రోజులు. దసరా, సంక్రాంతి సెలవులు తీసేసినా ఫిబ్రవరికి సుమారు 30 వారాలు దొరుకుతాయి. అంటే 900 మాటలు. వాటిని జాబితాల్లోంచి ఏరుకోవద్దు. పాఠంలోనో పేపర్లోనో చదువుతుండగా తగిలిన మాటనే తీసుకుని, అది ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో దించండి. తెలుగు అర్థం పక్కన పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ ఎందుకో చివర్లో చెబుతా.

తర్వాత దాని కుటుంబం. 'డిసైడ్' తగిలితే 'డెసిషన్', 'డెసిసివ్' కూడా రాసుకోండి. 'బెనిఫిట్' తగిలితే 'బెనిఫిషియల్', 'బెనిఫిషియరీ'. బ్రాకెట్లో మాట ఇచ్చి సరైన రూపం రాయమనే ప్రశ్నకి ఇదే మందు. మాటల ధాతువులంటే పిల్లలు భయపడతారు గానీ, తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం... ముందున్న ఉపసర్గ మారితే అర్థమే మారిపోతుంది కదా. లాటిన్‌లో 'పోర్ట్' అంటే మోయడం. లోపలికి మోస్తే 'ఇంపోర్ట్', బయటికి మోస్తే 'ఎక్స్‌పోర్ట్', ఈ చోటు నుంచి ఆ చోటికి మోస్తే 'ట్రాన్స్‌పోర్ట్'. తెలుగు వ్యాకరణం బాగా వచ్చిన పిల్లలు దీన్ని ఇట్టే అందుకుంటారు. ఇంగ్లీష్ రావాలంటే తెలుగు మానేయాలనే వాళ్ల మాట వినకండి.

ఇక అసలు గండం సొంత వాక్యం రాయడం. ఇక్కడ తొందరపడితే అంతవరకు చేసిందంతా గంగలో కలిసినట్టే.

తెలుగు అర్థం ఒక్కటే తెలిస్తే ఏమవుతుందో చెబుతా. ఒకబ్బాయి 'నొటోరియస్' అంటే 'పేరుమోసిన' అని నేర్చుకున్నాడు. వ్యాసంలో వాళ్ల ఊరి మంచి డాక్టర్ గారిని 'నొటోరియస్ డాక్టర్' అని రాశాడు. మన 'పేరుమోసిన' డాక్టర్‌కీ సరిపోతుంది, దొంగకీ సరిపోతుంది. 'నొటోరియస్' మాత్రం చెడ్డపేరుకే. మంచి డాక్టర్‌కి 'రినౌన్డ్' కావాలి. అలాగే మనకి మల్లెపూలదీ వాసనే, మురిక్కాలవదీ వాసనే. ఇంగ్లీష్‌లో ఒకటి 'ఫ్రాగ్రెన్స్', రెండోది 'స్టెంచ్'. అందుకే డిక్షనరీలో అర్థం దగ్గరే ఆగిపోకుండా దాని కింది ఉదాహరణ వాక్యాలు కూడా చదవాలి. మాట మంచికి వాడతారా, చెడుకి వాడతారా అన్నది తెలిసేది అక్కడే.

రెండో ప్రమాదం మన విభక్తులు. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తారు. 'స్టేషన్‌కి చేరాం' కాబట్టి 'రీచ్డ్ టు', 'పెళ్లికి హాజరయ్యాం' కాబట్టి 'అటెండెడ్ టు'. ఈ మూడు చోట్లా ఆ చిన్న మాట తీసేయాలి. 'పాట విన్నాను' అనేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు. 'లిజన్' తర్వాత 'టు' ఉండి తీరాలి, తెలుగులో దాని జాడే లేదు. కాబట్టి ప్రతి మాట పక్కనా దాని వెనక ఏ చిన్న మాట వస్తుందో, లేక ఏదీ రాదో ఎర్ర సిరాతో రాసుకోండి. ఎర్ర సిరాయే వాడండి. పరీక్ష ముందు రోజు కళ్లు నేరుగా అక్కడికే పోవాలి.

ఇవి రెండూ చూసుకున్నాకే సొంత వాక్యం. అది మీ ఇంటి గురించో, మీ వీధి గురించో ఉండాలి. గైడ్‌లో వాక్యం ఎక్కించుకుంటే లెక్కలోకి రాదు. రాసింది టీచర్‌కి చూపించండి. తప్పు వాక్యం నెల రోజులు నోట్‌బుక్‌లో ఉంటే నాలిక మీద కూర్చుంటుంది, దాన్ని దింపడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. ఐదు మాటలకీ టైం లేకపోతే మూడే చేయండి. ఈ మెట్టు మాత్రం దాటేయకండి.

తిరగేయడం తేలికే. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు. మరుపు మొదట్లోనే వేగంగా ఉంటుందని జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వవేత్త 1885లోనే చూపించాడు, అందుకే మొదటి తిరగేతలు దగ్గర దగ్గరగా పెట్టాను. ఏడో రోజున రబ్బరు తీసుకుని తెలుగు అర్థాలన్నీ చెరిపేయండి. మీరు రాసిన వాక్యం చదివితే అర్థం దానంతటదే తట్టాలి. తట్టని మాటని మర్నాటి ఐదింట్లో ఒకటిగా మళ్లీ మొదటి నుంచి రాయండి.