కర్నూలు పాతబస్తీ నడకకు వెళ్లే ముందు

వేసవి సెలవుల్లో గైడ్‌తో పాతబస్తీ తిరుగుదామనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

పొద్దున్నే మొదలుపెట్టండి. ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కొండారెడ్డి బురుజు పైన నిలబడి వడదెబ్బ తగిలించుకుంటే ట్రిప్పు అక్కడితో సరి.

గైడ్ డబ్బులు గ్రూపుకా, మనిషికా? హంద్రీ నది ఒడ్డున ఉన్న, ఒకప్పటి కర్నూలు పాలకుడు అబ్దుల్ వహాబ్ సమాధి దాకా వస్తాడా, మధ్యలో ఆటో ఎక్కితే ఖర్చెవరిది? ముందే తేల్చుకోండి, చివర్లో గొడవలన్నీ వీటి మీదే.

శుక్రవారం మధ్యాహ్నం వద్దు, నమాజు టైము.

సులువుగా విప్పే చెప్పులే వేసుకోండి. గుడి, దర్గా అంటూ ప్రతిచోటా లేసులు కట్టుకుంటూ కూర్చోలేరు.

బురుజు నుంచి గద్వాల దాకా సొరంగం ఉందని గైడ్ చెప్తాడు. సరదాగా వినండి, కానీ 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధానైన ఈ ఊరి సంగతులు కూడా అడిగి చెప్పించుకోండి, లేకపోతే టైమంతా సొరంగంలోనే పోతుంది.